నీళ్లు తాగని ప్రయాణం

బండెక్కే ముందు అవ్వ కొంగుముడి విప్పి, ఆడవాళ్ల చేతుల్లో తలా ఒక ఎండు ఉసిరి ముక్క పెట్టింది.

"బుగ్గన పెట్టుకోండి. నమలాకండి. ఊరేకొద్దీ నోరు తడిగా ఉంటాది, దప్పిక తెలీదు" అంది.

ఎస్తేరు తన ముక్కను నోట్లో వేసుకుంది. ఉప్పూ పులుపూ కలిసి దవడలు జివ్వుమన్నాయి. రాత్రి అన్నంలోకి మజ్జిగ పోసుకోబోతే అమ్మ గిన్నె పక్కకు జరిపేసింది. "రేపు పొద్దంతా బండిలో ఉండాల. యాడ దిగుతావు?" అని మెల్లగా అంది. పొద్దున పెద్దమ్మ మగవాళ్లకు కాఫీ ఇచ్చి, మిగిలింది పారబోసి గిన్నె కడిగేసింది. ప్రయాణమంటే ఈ ఇంటి ఆడవాళ్ల పద్ధతి అది. రొళ్లలో అంతే, హిందూపురంలో పెదనాయన ఇంట్లోనూ అంతే. ఎవరూ నేర్పించరు. చూసి నేర్చుకోవడమే.

ఎండాకాలం సెలవులు. పదో తరగతి పరీక్షలు రాసిన ఎస్తేరు అమ్మానాయనలతో, అవ్వతో కలిసి ముందురోజే రొళ్ల నుంచి హిందూపురం వచ్చింది. పెదనాయన డేవిడ్ టెంపో మాట్లాడాడు. పెనుకొండ కోట చూసి, ధర్మవరంలో పెద్దమ్మ చెల్లెలైన చిన్నమ్మ ఇంట్లో రెండు రాత్రులు ఉండి తిరిగి రావాలని అనుకున్నారు.

పెదనాయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఏ పని మొదలుపెట్టినా నలుగురినీ నిలబెట్టి చెప్పడం ఆయనకు అలవాటు. తెల్ల టోపీ పెట్టుకుని, కొడుకు ఉదయ్ చేత పెద్ద నీళ్ల క్యాను ముందు సీటు పక్కన పెట్టించాడు.

"అందరూ వినండి. ఎండలో టూరు పోయేటప్పుడు ఆరోగ్యం ముఖ్యం. గంటకో గ్లాసు నీళ్లు తాగాల. ఈ గ్లూకోజు పొడి ప్యాకెట్లు కలుపుకోవాల. మళ్లీ నాకు తలనొప్పి, కాలునొప్పి అంటే ఊరుకోను."

"అట్లే పెదనాయనా" అంది ఎస్తేరు, ఉసిరి ముక్కను ఇంకో బుగ్గకు మార్చుకుంటూ. ఆడవాళ్లంతా బుద్ధిగా తలలూపారు. పెదనాయన తృప్తిపడ్డాడు. ఆయన చూపు కూతురి మీద పడింది.

"ఆ ప్యాంటేంది పాపా, ఈ ఎండలో?"

"మెత్తటి బట్ట నాయనా. నడుముకు ఎలాస్టిక్ ఏసినా" అంది అశ్విని.

ఆ ఎలాస్టిక్ వేసేటప్పుడు ఎస్తేరు పక్కనే ఉంది. నిన్న సాయంత్రమంతా ఇద్దరూ మిషను దగ్గరే గడిపారు. అశ్విని నడుంపట్టీ విప్పి, ఎలాస్టిక్ దూర్చి, మళ్లీ కుట్టి, తన పిడికిలి దూర్చి చూసుకుంది. ఈ మూడు రోజులకూ అందరి బట్టలూ ఆమే కుట్టింది. అమ్మ పాత నూలు చీరతో ఎస్తేరుకు పొడుగు కుర్తా, చీర అంచునే మెడ చుట్టూ తిప్పి. అవ్వకు పెద్ద జేబున్న రవిక. అనంతపురంలో బట్టల డిజైను డిప్లొమాలో చేరాలంటే సొంతంగా కుట్టినవి ఫోటోలు తీసి చూపించాలట. సీటు వస్తే అక్కడే హాస్టల్లో ఉండాలి. పెదనాయన ఇంకా సరే అనలేదు, కాదనీ అనలేదు. "టూరు అయినాక చూద్దాం" అన్నాడు. అందుకే అశ్విని రెండు వారాలుగా నిద్ర మానుకుని కుట్టింది.

"సరే, ఎక్కండి" అన్నాడు పెదనాయన. "బిన్నా, ఎండ ముదరక ముందే."

*

పెనుకొండ కొండ ఎక్కుతుంటే రాళ్లు అప్పటికే వేడెక్కాయి. మగవాళ్లు ముందు నడిచారు. ఉదయ్ చేతిలో సీసా ఒక్క నిమిషం ఊరికే ఉండలేదు. తాగినంత తాగి, మిగిలింది నెత్తిన పోసుకున్నాడు. మెట్ల మలుపులో ఎస్తేరు వాళ్ల నాయన, పెదనాయన ఒక బండరాయి చాటుకు పోయి, ప్యాంట్లు సర్దుకుంటూ వచ్చారు. మాట కూడా ఆపలేదు. పెనుకొండ రాజుల గురించి చెప్తూ పోయి, చెప్తూనే వచ్చాడు పెదనాయన.

ఎస్తేరు ఆ రాయిని చూసింది. అంత పెద్ద రాయి. దాని వెనక నలుగురు కూర్చోవచ్చు. కానీ ఆమె అటు నడిస్తే అందరూ ఆగుతారు. ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు చెప్పాలి. తలుచుకుంటేనే చెవులు వేడెక్కాయి.

"ఈడ నిలబడు. గోడకు ఆనుకోవద్దు. భుజాలు దించు, కోడిపిల్ల మాదిరి ముడుచుకున్నావేమే?" అంటూ అశ్విని ఫోన్ పైకెత్తింది.

"నాకు సిగ్గుక్కా."

"నిన్నెవరు చూస్తారు? కుర్తాను చూస్తారు."

ఎస్తేరుకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అశ్విని ఫోటో తీసేసింది. చీర అంచు మెడ చుట్టూ తిరిగిన తీరు, వెనక పాత రాతిగోడ. ఫోటోలో ఉన్నది తానేనా అనిపించింది ఎస్తేరుకు. తర్వాత అశ్విని ఫోన్ ఆమె చేతికిచ్చి, తాను నిలబడింది. నిలబడిన మనిషి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని కొంచెం వంగింది.

"ఏమైందక్కా?"

"ఏం లే. తియ్యి."

అన్నాలు తినేటప్పుడు అమ్మ, పెద్దమ్మ చిత్రాన్నం చిటికెడు చిటికెడు నోట్లో వేసుకుని చేతులు దులుపుకున్నారు. అన్నం తింటే దప్పికవుతుంది. తిరిగి రోడ్డెక్కాక ఒక పెట్రోలు బంకు దగ్గర బండి ఆగింది. వెనక ఒక గది ఉంది. పెద్దమ్మ దిగి చూసి వచ్చింది. తలుపుకు గడియ లేదు, ఎదురుగా నలుగురు మగవాళ్లు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. ఆమె ఏమీ చెప్పకుండా ఎక్కి కూర్చుంది. మిగతా ఆడవాళ్లు ఏమీ అడగలేదు.

ఇంకొంత దూరం పోయాక డ్రైవర్ హనుమప్ప తుమ్మచెట్ల దగ్గర వేగం తగ్గించాడు. మగవాళ్లు దిగారు, వచ్చారు. హనుమప్ప వెనక్కి తిరిగి, "ఇంకెవరన్నా దిగేదుండాదా?" అని అడిగాడు.

అశ్విని వేళ్లు ఎస్తేరు మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. చల్లగా ఉన్నాయి.

"ఆడోళ్లకేం అక్కర్లే. నువ్వు పోనీప్పా" అన్నాడు పెదనాయన. గ్లాసు నిండా నీళ్లు వంపుకుని తాగి, వెనక్కి చూశాడు. "తాగతాండారా అందరూ?"

"తాగతాండాము" అంది పెద్దమ్మ.

*

ధర్మవరంలో చిన్నమ్మ ఇంటి ముందు బండి దిగి మూడడుగులు వేసి, అశ్విని కూలిపోయింది. గడప తగిలి మోచెయ్యి చీరుకుంది. ఒళ్లు కాలిపోతోంది. పెదవులు తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి.

దగ్గర్లోని చిన్న ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ నాడి పట్టుకుని, కనురెప్ప విప్పి చూసి, "మగవాళ్లు బయట ఉండండి" అంది. రాసిచ్చిన మందుల చీటీ తీసుకుని పెదనాయన, ఉదయ్ మందుల షాపుకు పోయారు. ఎస్తేరు నాయన గుమ్మం బయట కూర్చున్నాడు.

"కడుపులో ఎక్కడ నొప్పి?"

అశ్విని చూపించింది.

"పొద్దున్నుంచి ఒంటికి ఎన్నిసార్లు వెళ్లావు?"

అశ్విని గోడకేసి చూసింది.

"ఒక్కసారైనా వెళ్లావా? నీళ్లు ఎన్ని తాగావు?"

"ప్రయాణం కదమ్మా" అంది పెద్దమ్మ, అదే జవాబన్నట్టు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "అయితే? ప్రయాణంలో మీకు కిడ్నీలు పనిచెయ్యవా? నీళ్లు లేక ఎండదెబ్బ. దాని పైన బిగబట్టుకుని ఇన్ఫెక్షన్. పెద్దవాళ్లు, మీరన్నా చెప్పొద్దూ?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సు సెలైను సూది గుచ్చింది. ఎస్తేరు మంచం దగ్గరికి జరిగి అడిగింది.

"ప్యాంటు వల్ల వచ్చిందా మేడం?"

డాక్టరమ్మ అశ్విని నడుముపట్టీలో రెండు వేళ్లు దూర్చి, చెయ్యంతా దూర్చింది. "ఇంత వదులుగా ఉంది. దీనివల్ల ఎందుకొస్తుంది? ఎవరు కుట్టారో గానీ బాగా కుట్టారు" అని, పక్క మంచం దగ్గరికి పోయింది.

పెదనాయన మందుల సంచితో వచ్చాడు. టోపీ చేతిలో నలిగిపోయి ఉంది. ముఖం మీద చెమట, భయం.

"ఏమన్నాదంట డాక్టరమ్మ?"

ఎస్తేరు అమ్మ వైపు చూసింది. అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ మంచం మీది దుప్పటి సర్దింది.

"ఎండదెబ్బంట" అంది.

"ఎండదెబ్బే? క్యాను నిండా నీళ్లుండాయి, నేను మొత్తుకుంటానే ఉండా, ఎట్ల తగులుతాదే ఎండదెబ్బ?" ఆయన చూపు కూతురి కాళ్ల మీదికి పోయింది. "ఆ ప్యాంటే. ఆ దరిద్రపు ప్యాంటే. పొద్దున్నే చెప్పినా."

ఎవరూ కాదనలేదు.

*

మరుసటి రోజంతా అదే మాట. చిన్నమ్మ ఇంటికి చుట్టుపక్కల వాళ్లు చూడడానికి వచ్చారు. ఎదురింటి వెంకటక్క మగ్గం మీద నుంచి లేచి, చేతికి పట్టు పోగులు అంటుకునే ఉండగా వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఆ బిగుతు ప్యాంట్లు ఏసుకుంటే ఒంట్లో రగతం ఆడతాదా యమ్మా? ఈ కాలం పిల్లోళ్లకు ఫోటోలు కావల్ల, పానం అక్కర్లే."

"అంతే అక్కా" అంది పెద్దమ్మ, ఆమెకు కాఫీ అందిస్తూ.

ఎస్తేరు గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ ప్యాంటు అన్నారు. పెదనాయన ప్రతి మనిషికీ మొదటి నుంచి చెప్పాడు, క్యాను సంగతితో సహా. డాక్టరమ్మ మాటలు విన్న ముగ్గురు పెద్ద ఆడవాళ్లూ ఆయన పక్కనే ఉండి తలలూపారు. పెదనాయనకు తెలీదు. వీళ్లకు తెలుసు. ఎస్తేరుకు వీళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పెరట్లోకి పోయి, అంట్లు ముందేసుకుని బూడిదతో గట్టిగా తోమింది. గిన్నె అడుగు గీరుకుపోయింది.

మధ్యాహ్నం పెదనాయన అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

"మా కళ్ల ముందరే బట్టలతో ఇట్ల పానం మీదికి తెచ్చుకుంటే, ఇంక హాస్టల్లో ఎవరు చూస్తారు? అనంతపురం లేదు, ఏం లేదు. ఆ మిషను కూడా అమ్మేస్తా. డిగ్రీలో చేరు, ఇంటి నుంచి పోయి రా."

లోపలి గదిలో అశ్విని గోడవైపు తిరిగి పడుకుంది. ఎస్తేరు పోయి మంచం పట్టె మీద కూర్చుంది.

"నువ్వన్నా చెప్పక్కా. డాక్టరమ్మ ఏం చెప్పిందో చెప్పు."

"ఎట్ల చెప్పేది? నాయనా, నేను ఒంటికి పోలేదు అనాల్నా?" అశ్విని గొంతు బొంగురుగా ఉంది. "ప్యాంటే అనుకోనీలే. ఆ మాట కన్నా ఇది నయం."

"సీటు పోతాది కదా!"

అశ్విని భుజం ఒకసారి కదిలింది.

అవ్వ పెరట్లో రాయి మీద కూర్చుని వక్క కొరుకుతోంది. ఎస్తేరు ఆమె ముందు నిలబడింది.

"పెదనాయనకు నువ్వు చెప్పవ్వా. నీ కొడుకే కదా."

"మగోళ్ల ముందర ఆ మాట ఎట్ల ఎత్తేది?"

"అక్కదే తప్పు అని మాత్రం అనొచ్చా?"

"అరవాకు. నేను నీ ఈడున్నప్పటి నుంచి ఇట్లే. మీ తాతతో కూలికి లారీల్లో పోయినాం. పొద్దంతా బిగబట్టినాం. నాకేమైనాది?"

"రాత్రికి ఎన్నిసార్లు లేస్తావు నువ్వు? మంటని ఏడుస్తావు కదా. బార్లీ నీళ్లు ఎవరు కాస్తాండారు నీకు? నేనే కదా?"

అవ్వ నోట్లో వక్క కదలడం ఆగిపోయింది. ఎస్తేరు ఎప్పుడూ ఆమెతో అలా మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. చటుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

*

మూడో రోజు పొద్దున బయల్దేరారు. చిన్నమ్మ క్యాను నింపించింది. అశ్విని చిన్నమ్మ చీర కట్టుకుంది. ఆమె ప్యాంటును పెదనాయన మసిగుడ్డకు వాడుకోమని చిన్నమ్మకు ఇచ్చేశాడు. దాన్ని రెండుగా చింపితే గట్టిగా ఉందని చిన్నమ్మ మెచ్చుకుంది.

డాక్టరమ్మ చెప్పిందని పెద్దమ్మ కూతురి చేతికి నీళ్ల సీసా ఇచ్చింది. అశ్విని మూత తీసింది. టెంపోను చూసింది. ముందు సీట్లో నాయనను, పక్క సీట్లో అన్నను చూసింది. మూత మళ్లీ పెట్టేసింది.

జబ్బు చేసిన మనిషి కూడా తాగడం లేదు.

ఎస్తేరు ఆ సీసా లాక్కుని గటగటా సగం తాగింది. నీళ్లు గడ్డం మీంచి కుర్తా మీదికి కారాయి. అమ్మ నోరు తెరిచి చూసింది.

"నువ్వూ తాగక్కా" అంది ఎస్తేరు, చెవి దగ్గర. "నిలపమని నేను చెప్తా."

"నువ్వా?"

"నేనే. తాగు."

అశ్విని ఆమె ముఖంలోకి చూసి, మిగిలిన సగం తాగింది.

బండి ధర్మవరం దాటింది. పొలాలన్నీ దుక్కులు దున్ని ఖాళీగా ఉన్నాయి. ఎండ అద్దాల్లోంచి తొడల మీద పడుతోంది. ఎస్తేరుకు ముందు భయం మొదలైంది, తర్వాత పొత్తికడుపు బరువెక్కింది. ఆ మలుపు దాటాక చెప్దామనుకుంది. మలుపు దాటింది. ఆ వేపచెట్టు దగ్గర అనుకుంది. వేపచెట్టు వెనక్కి పోయింది. పక్కన అశ్విని రెండు మోకాళ్లూ దగ్గరికి నొక్కుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఏమీ అడగడం లేదు. ఈమె చెప్పదులే అనుకున్నట్టుంది.

"ఇంక యాడా నిలపాకు హనుమప్పా" అన్నాడు పెదనాయన. "ఎండ ముదరక ముందే ఇల్లు చేరాల."

"బండి నిలపండి" అంది ఎస్తేరు.

ఎవరికీ వినిపించలేదు. అమ్మకు వినిపించింది. తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడుకు ఎస్తేరు గొంతు దానంతట అదే లేచింది.

"బండి నిలపండి!"

ఉదయ్ వెనక్కి తిరిగాడు. "ఏమ్మే, వాంతొస్తాందా?"

"కాదు. ఒంటికి పోవాల."

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. పెదనాయన మెడ వెనక ఎర్రబడింది.

"పెనుకొండ రానీ, చూద్దాం. అంతదాంకా ఓర్చుకో" అన్నాడు తిరక్కుండానే.

"ఓర్చుకోను. నిలపకపోతే సీట్లోనే పోస్తా."

హనుమప్ప బ్రేకు తొక్కాడు. అందరూ ముందుకు ఊగారు. "సీటు కవర్లు కొత్తవి సార్" అన్నాడు దీనంగా.

ఎస్తేరు దిగలేదు. లేచి నిలబడి ముందు సీటు కమ్మీ పట్టుకుంది. చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయింది, ఉన్నదే వచ్చింది.

"అక్క ప్యాంటు వల్ల పడలే పెదనాయనా. నీళ్లు తాగక పడింది. ఒంటికి పోక పడింది. డాక్టరమ్మ చెప్పింది, వీళ్లందరూ విన్యారు. మేమెవ్వరమూ తాగలే. మీరు నాలుగుతూర్లు దిగినారు. ఆడోళ్లకేం అక్కర్లే అని నువ్వే అంటివి."

పెదనాయన ఇప్పుడు తిరిగాడు. భార్యను చూశాడు. "నిజమా?"

పెద్దమ్మ చేతిలో కొంగు చివర నలుగుతోంది. తల ఊపింది.

"అడిగితే నిలపనా నేను?" ఆయన గొంతు పెద్దదైంది. "రాక్షసుణ్ణా నేను? నోరు లేదా మీకు?"

"ఇప్పుడు అడిగితే పెనుకొండ రానీ అంటివి కదరా" అంది అవ్వ.

వెనక సీట్లోంచి ఆమె లేచింది. ఒక చెయ్యి అశ్విని భుజం మీద, ఒక చెయ్యి తలుపు మీద వేసి మెల్లగా దిగింది. "రాండే" అంది. పెద్దమ్మ దిగింది. అమ్మ దిగింది, ఎస్తేరు ముఖం చూడకుండా. రోడ్డు పక్కన కానుగ చెట్లు, వాటి వెనక నల్లటి రాతిగుండ్లు. ఆడవాళ్లు అటు నడిచారు. ఎవరూ పరుగెత్తలేదు.

గుండ్ల వెనక కూర్చున్నప్పుడు ఎస్తేరుకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు. ఇంత చిన్న పనికి ఇంత కోపం ఖర్చు చేయాల్సి వచ్చినందుకు.

రోడ్డు మీదికి వచ్చేసరికి మగవాళ్లు ఎండకు బండిలో ఉండలేక దిగి, ఆడవాళ్ల వైపు వీపులు తిప్పి వరసగా నిలబడి ఉన్నారు. ఉదయ్ ఫోను చూసుకుంటున్నాడు. పెదనాయన టోపీ తీసి విసురుకుంటున్నాడు.

"అయిందా? ఎక్కండి" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అశ్విని తలుపు దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"సోమవారం అనంతపురం పోదాం నాయనా."

"ఇంటికి పోయినాక మాట్లాడదాం. ఎక్కు."

"చెప్పు. ఎక్కుతా."

"పాపా, ఎండ!"

"అవును, ఎండే" అంది అశ్విని. తలుపు పక్కకు జరిగి నిలబడింది. పెద్దమ్మ మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసింది. కూతురి పక్కకు వచ్చింది. అమ్మ ఎస్తేరును చూసింది, ఎస్తేరు కదల్లేదు, అమ్మా కదల్లేదు. లారీ ఒకటి దుమ్ము చిమ్ముకుంటూ పోయింది. హనుమప్ప స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి అందరినీ చూస్తున్నాడు.

పెదనాయన ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఏళ్ల తరబడి చూస్తున్న ముఖాలు. ఏ ఒక్కదాంట్లోనూ ఆయనకు ఆసరా దొరకలేదు.

"సరే. పోదాం" అన్నాడు నోట్లోనే.

అవ్వ రోడ్డు గట్టు మీద చతికిలబడి, చీర మోకాళ్ల మీదికి సర్దుకుంది.

"గట్టిగా చెప్పురా. నాకు చెవుడు."

అవ్వకు చెవుడు లేదు. చీమ నడిచినా వినపడుతుంది. అది ఆయనకూ తెలుసు.

ఆయన గట్టిగా చెప్పాడు.